"వినుట వలన విశ్వాసము" అంటే సాక్ష్యాలు వినడమా?

మూడోవరస_బెంచీ
ఈమధ్య స్వస్థత కూటాల వీడియోల్లో ఒకటే వాదన తిరుగుతోంది. రోమా 10:17, అంటే పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలోని వచనం, చదువుతారు. వెంటనే "వినడం వల్ల విశ్వాసం వస్తుంది గనక ఈ సాక్ష్యాలన్నీ వినండి, విన్నకొద్దీ విశ్వాసం పెరుగుతుంది, అది పెరిగితే మీ జబ్బూ పోతుంది" అంటారు. అద్భుతాన్ని కళ్లతో చూడకపోయినా దాని గురించి వింటే చాలన్నమాట. ఆ వచనంలో వినమన్నది దీన్నేనా? యూత్ మీటింగులో దీనిమీద నాలుగు వారాలు నడపాలి. వాక్యం చూపించి చెప్పండి. తిట్లు వద్దు.

అకొయే_17
కాదు. వచనం రెండో సగం మింగేసి చెప్తున్నారు. "వినుట క్రీస్తును గూర్చిన మాటవలన కలుగును" అని పక్కనే ఉంది. ఏం వినాలో అక్కడే చెప్పేశాడు.

ఇంకొంచెం వివరంగా. అక్కడి గ్రీకు మాట అకొయే. దానికి వినడం అనే అర్థమూ ఉంది, విన్న కబురు అనే అర్థమూ ఉంది. ఒక్క వచనం వెనక్కి వెళ్తే 16లో పౌలు యెషయా 53:1 ఎత్తుకున్నాడు: "మేము తెలియజేసిన సమాచారమెవడు నమ్మెను". మన పాత తెలుగు బైబిల్లో "సమాచారము" అని ఉన్నచోట గ్రీకులో ఇదే అకొయే. 17కి వచ్చేసరికి "వినుట" అయింది. తెలుగులో రెండు వేర్వేరు మాటలు పడటంతో లింకు తెగిపోయింది. కలిపి చదివితే, విశ్వాసం ఆ కబురు వల్ల వస్తుంది, ఆ కబురు క్రీస్తు మాట వల్ల వస్తుంది అని తేలుతుంది. ఆ కబురేమిటో యెషయా 53 మొత్తం చదివితే తెలుస్తుంది. బాధపడిన సేవకుడి, అంటే క్రీస్తు కబురు అది. ఎవరి మోకాలి నొప్పో తగ్గిన కబురు కాదు.

ఇంకోటి. "విన్నకొద్దీ పెరుగుతుంది" అన్న లెక్క కూడా అక్కడ లేదు. అదే 16లో "అందరు సువార్తకు లోబడలేదు" అన్నాడు. 18లో "వారు వినలేదా? విన్నారు గదా" అన్నాడు. విని కూడా నమ్మనివాళ్ల గురించి ఏడుస్తూ రాసిన అధ్యాయమది.

చిల్లిగవ్వ
థంబ్‌నెయిల్లో అయ్యగారి వేలి నుంచి మెరుపు వస్తే అది చూపు కిందికి వస్తుందా, వినికిడి కిందికి వస్తుందా?

అగ్నిజ్వాల_77
అకొయే గారు చెప్పిన అర్థం సరే. కానీ ఇలాంటి చర్చల్లో చివరికి అద్భుతాలే తప్పన్నట్టు మాట్లాడతారు, అక్కడ నాకు పేచీ. గలతీ 3:5 చూడండి. "మీలో అద్భుతములు చేయించువాడు" ధర్మశాస్త్ర క్రియల వల్ల చేయిస్తున్నాడా, "విశ్వాసముతో వినుటవలననా" అని పౌలు అడిగాడు. అద్భుతాలు జరుగుతున్నాయన్నది అక్కడ ఎవరూ కాదనని సంగతి. అపో. కార్యములు 9:35లో లుద్దవాళ్లు, షారోనువాళ్లు పక్షవాతం తగ్గిన ఐనెయను చూసి ప్రభువు వైపు తిరిగారు. 9:42లో చనిపోయి లేచిన తబిత సంగతి యొప్పేలో తెలిసి అనేకులు నమ్మారు. అది సాక్ష్యం విని నమ్మడం కాక మరేమిటి?

బెరయ_వాసి
అగ్నిజ్వాల బ్రదర్, 9:42 మంచి పాయింటే, దాటవేయను. కానీ మీరిచ్చిన గలతీ 3:5లోనే వరస చూడండి. వినడం ముందు, అద్భుతం తర్వాత. ఈ వీడియోలవాళ్లు దాన్ని తిప్పేశారు. అద్భుతం గురించి విను, దానివల్ల విశ్వాసం, దానివల్ల ఇంకో అద్భుతం. ఈ చక్రంలో క్రీస్తు మాట ఎక్కడా పట్టడం లేదు.

కుంటివాడి సంగతి (అపో. 3, 4) దీనికి మంచి పరీక్ష. అద్భుతం జరిగింది, జనం మూగారు. పేతురు చేసిన మొదటి పని వాళ్ల చూపు తనమీద నుంచి తప్పించడం: "మీరెందుకు మా తట్టు తేరి చూచుచున్నారు?" తర్వాత ప్రసంగం. 4:4లో లెక్క రాసినప్పుడు లూకా ఏమన్నాడు? "వాక్యము వినినవారిలో అనేకులు నమ్మిరి", మగవాళ్లే దాదాపు అయిదు వేలు. కుంటివాణ్ణి చూసినవాళ్లు అని రాయలేదు.

అగ్నిజ్వాల_77
గంట మోగకపోతే జనం రారు కదా.

బెరయ_వాసి
రారు. కానీ గంట విని ఇంటికి వెళ్లిపోతే ఆరాధన అయినట్టా?

పాతమందిరం
యోహాను సువార్త ఒక్కటి తీసుకున్నా నీ నాలుగు వారాలు నిండుతాయి తమ్ముడూ. యోహాను అద్భుతం అనడు, "సూచకక్రియ" అంటాడు. దారి పక్కన ఊరి పేరు రాసిన రాయి లాంటిది. రాయి దగ్గర సంచి దించి కాపురం పెట్టకూడదు.

2:23-25 నుంచి మొదలుపెట్టు. సూచకక్రియలు చూసి చాలామంది ఆయన నామమందు "విశ్వాసముంచిరి". యేసు మాత్రం "తన్ను వారి వశము చేసికొనలేదు". గ్రీకులో రెండుచోట్లా ఒకటే క్రియ. వాళ్లు ఆయన్ని నమ్మారు, ఆయన వాళ్లను నమ్మలేదు. తెలుగులో ఆ దెబ్బ కనపడదు, నువ్వే విప్పి చెప్పాలి.

తర్వాత 4వ అధ్యాయం. సమరయ ఊరివాళ్లకు ఒక్క రోగి కూడా బాగుపడినట్టు లేదు. రెండు రోజులు విన్నారంతే, "మామట్టుకు మేము విని" తెలుసుకున్నాం అన్నారు. దాని వెంటనే కపెర్నహూము ప్రధాని, అంటే జబ్బుపడిన కొడుకు కోసం వచ్చిన రాజోద్యోగి. ఈ రెండూ పక్కపక్కన పెట్టడం ఊరికే జరగలేదు.

10:41 చాలామంది చూడకుండా దాటేస్తారు. "యోహాను ఏ సూచక క్రియను చేయలేదు గాని" ఈయన గురించి చెప్పినవన్నీ నిజమైనవి అని జనం ఒప్పుకున్నారు, అక్కడ అనేకులు నమ్మారు. బాప్తిస్మమిచ్చు యోహాను ఒక్క అద్భుతం కూడా చేయలేదు. ఈ రోజుల్లో ఆయనకు కూటం పోస్టరు వేయడం కష్టం.

చిల్లిగవ్వ
"మిడతలు, అడవి తేనె. స్వస్థతలు లేవు. రండి." ఫ్లెక్సీ వాడు అడ్వాన్సు అడుగుతాడు.

మూడోవరస_బెంచీ
పాతమందిరం అన్నా, ప్రధాని కథ కొంచెం విప్పండి. అందులో చివరికి అద్భుతం జరిగింది కదా, అది మన వాదనకు ఎదురు కాదా?

పాతమందిరం
ఎదురు కాదు, గుండెకాయ అదే. 4:46-54 నెమ్మదిగా చదువు. యేసు కానాలో ఉన్నాడు, పిల్లవాడు కపెర్నహూములో. మధ్య పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. కానా కొండ ప్రాంతం, కపెర్నహూము గలిలయ సముద్రం ఒడ్డు, మామూలు సముద్ర మట్టానికి దాదాపు 200 మీటర్లు దిగువ. అందుకే గ్రీకులో ఆయన్ని "దిగి రమ్మని" అడిగాడు. యేసు దిగలేదు. ఒక్క మాట పంపాడు. 50వ వచనంలో ఆ మాట నమ్మి వెళ్లిపోయాడు. అప్పటికి చేతిలో రుజువేమీ లేదు. 53లో ఇంటివారందరితో కలిసి మళ్లీ "నమ్మెను". అంటే మొదటి నమ్మకం మాటమీద, రెండోది మాట నిజమైందని తెలిశాక. సూచన మాటకు సాక్షిగా వచ్చింది, మాట స్థానంలోకి రాలేదు.

ఒక హెచ్చరిక. "నిన్న ఒంటి గంటకు" జ్వరం విడిచిందన్నారు గనక ఆయన తొందరపడకుండా దారిలో హాయిగా నిద్రపోయాడు, అంత విశ్వాసం అని కొందరు ప్రసంగిస్తారు. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మారుతుంది. ఆ సాయంత్రం చీకటి పడ్డాక కలిసినా "నిన్న" అనే అనొచ్చు. దాని మీద మేడ కట్టకు.

అకొయే_17
దీనికి జతగా మత్తయి 8లో శతాధిపతి (రోమా సైనికాధికారి), "మాటమాత్రము సెలవిమ్ము". ప్రధాని రమ్మని బతిమాలాడు, శతాధిపతి రావద్దన్నాడు. రెండూ ఒకే వారం చెప్పకండి, జనం కలిపేసుకుంటారు. ఒకే కథ అనుకుని లేచి వెళ్తారు.

గుణదల_మెట్లు
కథోలికుల వైపు నుంచి ఒక మాట. మాకు అద్భుతాలంటే మోజని అందరూ అనుకుంటారు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా, మరియమాత ఉత్సవాలప్పుడు, విజయవాడ గుణదల కొండ చూస్తే అలాగే అనిపిస్తుంది, కాదనను. కానీ ఫ్రాన్సులోని లూర్దు సంగతి చూడండి. 1858లో మరియమాత దర్శనాలు. 1883లోనే అక్కడ డాక్టర్ల కార్యాలయం పెట్టారు. ఏడు వేల పైచిలుకు స్వస్థతలు నమోదైతే సభ అద్భుతాలని ఒప్పుకున్నవి డెబ్భై పై చిలుకు మాత్రమే. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, నిర్ధారణ ముందే జరిగి ఉండాలి, వైద్యంతో తగ్గిందని చెప్పే వీలుండకూడదు, ఒక్కసారిగా పూర్తిగా తగ్గాలి, మళ్లీ తిరగబెట్టకూడదు. ఇవన్నీ దాటి వచ్చిన అద్భుతాన్ని కూడా నమ్మి తీరాలని విశ్వాసులమీద నియమం లేదు. విశ్వాస ప్రమాణంలో అది లేదు. చెప్పొచ్చేదేమిటంటే అద్భుతాన్ని పరీక్షించడం అవిశ్వాసం కాదు.

బెరయ_వాసి
మార్కు 1:44 కూడా అదే కదా. యేసు కుష్ఠరోగిని బాగుచేసి "యాజకునికి కనుపరచుకో" అన్నాడు. లేవీయకాండము 14 ప్రకారం ఆ పని ఒక్కరోజుతో తేలదు, ఏడు రోజులు గుడారం బయట ఉండి ఎనిమిదో రోజు మళ్లీ యాజకుడి ముందుకు రావాలి. మైకు ఇచ్చి "ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అనడం అందులో లేదు.

వార్డు_నెం_4
ఆ మైకు దగ్గరే ఆగండి. నాలుగు వారాల్లో ఒక గంట దీనికి పెట్టండి. స్టేజీ మీద తగ్గినట్టు అనిపించడం వేరు, తగ్గడం వేరు.

షుగరు: వేలి చివర నెత్తురు తీసి చూసే రీడింగు గంట గంటకూ మారుతుంది. ఒకరోజు 110 వచ్చిందని జబ్బు పోయినట్టు కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది. టైప్ 1 ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ముందు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం.

టీబీ: మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. నెలా రెండు నెలలకే దగ్గు, జ్వరం తగ్గిపోతాయి. సరిగ్గా అప్పుడే సాక్ష్యం చెప్పి మందులు మానేస్తారు. చావకుండా మిగిలిన క్రిములు మందులకు లొంగనివై తిరిగొస్తాయి.

మూర్ఛ: మాత్రలు టక్కున ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

సాక్ష్యం చెప్తామని వచ్చినవాళ్లను నాలుగు అడగండి. జబ్బని ఎవరు, ఏ పరీక్షతో తేల్చారు? తర్వాతి పరీక్ష ఎప్పుడు చేయించారు? మందులు వాడుతున్నారా? ఎన్నాళ్లయింది? జవాబు లేకపోతే దేవునికి స్తోత్రం చెప్పి కూర్చోబెట్టండి, మైకు మాత్రం ఇవ్వకండి. ఒకటి గుర్తుంచుకోండి, షుగరు, మూర్ఛ లాంటి జబ్బులు మంత్రంతో, తాయెత్తుతో తగ్గిస్తామని ప్రకటనలివ్వడం మీద 1954 నుంచే దేశంలో చట్టం ఉంది. ప్రార్థన నూనె సీసాల ఫ్లెక్సీలు వేసేవాళ్లు అది ఒకసారి చదువుకుంటే మంచిది.

అగ్నిజ్వాల_77
ఈ పోస్టుతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నా. మందులు మానమని చెప్పేవాళ్లు మా వాళ్లయినా సరే, తప్పే. కానీ మార్కు 16:20 ఉంది కదా, వెనువెంట జరిగిన సూచకక్రియల వల్ల ప్రభువు వాక్యాన్ని స్థిరపరిచాడని?

అకొయే_17
మార్కు 16:9-20 అత్యంత పాత రెండు పూర్తి ప్రతుల్లో, అంటే సీనాయి ప్రతిలో, వాటికన్ ప్రతిలో లేదు. దానిమీద సిద్ధాంతం కట్టకండి. మీకు కావలసింది అపో. 14:3లో ఉంది, హెబ్రీ 2:4లో ఉంది, అవి వాడుకోండి. అయినా మీరు ఎత్తిన వచనమే "వాక్యమును" స్థిరపరిచాడంటోంది. వాక్యం లేనిచోట స్థిరపరచడానికి ఏముంది?

14:3 తర్వాత అదే అధ్యాయం చివరిదాకా వెళ్లండి. లుస్త్రలో పుట్టు కుంటివాడు లేచి నడిచాడు. ఆ ఊరివాళ్లు కళ్లారా చూశారు. బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు (రెండూ వాళ్ల దేవుళ్ల పేర్లు), ఎడ్లను, పూదండలను తెచ్చారు. అంతియొకయ, ఈకొనియ నుంచి యూదులు వచ్చి రెండు మాటలు చెప్పగానే అదే జనం పౌలును రాళ్లతో కొట్టి ఊరి బయటికి ఈడ్చేశారు. చూసింది ఒకటే, అర్థం మాత్రం ఎవరు చెప్తే అది. కన్ను తనంతట తాను అర్థం చెప్పదు.

చూపులేని_మాట
అకొయే గారూ, మీ చివరి వాక్యం బాగుంది. కానీ చెవి మాత్రం చెప్తుందా? ద్వితీయోపదేశకాండము 13:1-3 చదివితే సూచన నిజంగా జరిగినా ఆ ప్రవక్త వెంట వెళ్లొద్దన్నాడు. సరే. మరి మాట విని మోసపోయినవాళ్లు తక్కువా? ఈ వీడియోలూ మాటలేగా.

బెరయ_వాసి
అందుకే బెరయ పట్టణంవాళ్లు పౌలు బోధ విన్నాక "ప్రతిదినమును లేఖనములు పరిశోధించు"కున్నారు (అపో. 17:11). పౌలు మాటనే పరీక్షించారు, మెచ్చుకోలు పొందారు. వినడమంటే తలూపడం కాదు.

సైగల_ఇల్లు
అందరూ చెవి గురించే మాట్లాడుతున్నారు. పుట్టుకతో వినపడనివాళ్ల మాటేమిటి? ఈ వచనాన్ని పట్టుకుని వాళ్లకు విశ్వాసం రాదన్న మూర్ఖపు వాదన ఒకప్పుడు ఐరోపాలో నడిచింది. వాళ్లు "వినేది" కళ్లతోనే. సైగల్లో వచ్చినా అది కబురే, అకొయేనే.

సంఘాల్లో జరిగే పొరపాట్లు. సైగలు చేసే మనిషిని స్తంభం వెనక నిలబెడతారు, లేదా వెనక కిటికీ వెలుతురు పెడతారు, ముఖం నల్లగా కనిపిస్తుంది. ముందు నుంచి వెలుతురు పడాలి, బోధకుడి పక్కనే ఉండాలి, గళ్ల చొక్కా కాకుండా చేతుల రంగుకు తేడా తెలిసే ఒకే రంగు బట్ట వేసుకోవాలి. ఇరవై, ముప్పై నిమిషాలకు మనిషి మారాలి, లేకపోతే అలసటతో సగం మింగేస్తారు. ప్రసంగంలోని పేర్లు, వచనాలు ముందురోజే ఇవ్వాలి. "స్క్రీన్ మీద తెలుగు వేస్తున్నాం కదా" అంటే చాలదు. సైగల భాషకు దాని వ్యాకరణం దానికుంది, చాలామందికి తెలుగు రెండో భాష. అమెరికన్ సైగల భాషలో బైబిలు మొత్తం పూర్తయిందే 2020లో.

అన్నిటికన్నా పెద్దది: "అందరం కళ్లు మూసుకుని ప్రార్థిద్దాం."

చిల్లిగవ్వ
అయ్యో. ఇన్నేళ్లలో ఇది తట్టలేదు.

మూడోవరస_బెంచీ
నాకూ. మా దగ్గర ఇద్దరు వస్తారు, ఇది రాసుకున్నా.

గుండ్లకమ్మ_గట్టు
మన నేల మీది ఉదాహరణ లేకుండా నాలుగు వారాలు ముగించకండి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు నీళ్లలో, మిగతావాళ్లు విశ్రాంతి. దీన్ని "అద్భుతం" అని చెప్పడం తేలిక. ముందు జరిగింది చూడండి.

1876-78 కరువు. అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి పని ఇచ్చాడు. మధ్యాహ్నం ఎండవేళ, పని ఆగినప్పుడు బోధకులు కూలీల మధ్య కూర్చుని మాట చెప్పేవారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు ఏడాది పైగా ఇవ్వలేదు. కూటికోసం వచ్చారో, మాట విని వచ్చారో తేలాలని. కరువు సాయం ఆపాక కూడా వచ్చినవాళ్లే ఆ 2,222. యోహాను 6:26 తెలిసిన మనిషి, రొట్టెలు తిని తృప్తిపడినందుకే నన్ను వెదుకుతున్నారు అన్న మాట.

చూపులేని_మాట
అందులో, అలా బాప్తిస్మం తీసుకున్న మాదిగల ఆత్మగౌరవం పాలు కూడా ఉంది. ఒట్టి "విన్నారు, నమ్మారు" అంటే చరిత్ర సగం చెప్పినట్టే.

గుండ్లకమ్మ_గట్టు
నిజమే, కలపాల్సిందే. మనిషిగా చూసిన మాట అది. ఆ మాట మోసింది కూడా దొర ఒక్కడే కాదు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు తమ చుట్టాల ఇళ్లలో కూర్చుని తమ భాషలో చెప్పారు. చదువు రానివాళ్లకు కీర్తన, పదే పదే చెప్పించడం, ఇవే బైబిలు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాటలు బతికింది పుస్తకంలో కంటే నోళ్లలోనే ఎక్కువ.

పాతమందిరం
సరే తమ్ముడూ, నాలుగు వారాలు: ఒకటి, రోమా 10:14-18, దానితో యెషయా 53. రెండు, యోహాను 2:23 నుంచి 4 చివరిదాకా. మూడు, లూకా 16:19-31, ధనవంతుడు, బిచ్చగాడు లాజరు కథ. నాలుగు, యోహాను 20:24-31. మూడో వారం చివర యోహాను 11:45, 12:10 కలుపు. "మృతులలోనుండి ఒకడు లేచినను వారు నమ్మరు" అని అబ్రాహాము అన్నాడు. లాజరు అనే పేరుగలవాడే నిజంగా లేచాడు. కొందరు నమ్మారు, ప్రధానయాజకులు మాత్రం లాజరును కూడా చంపాలని ఆలోచించారు.

నాలుగో వారం తోమా దగ్గర జాగ్రత్త, లేచిన యేసును చూస్తేగాని నమ్మనన్న శిష్యుడు. గాయంలో వేలు పెట్టాడని అందరూ అంటారు, బొమ్మలు అలా గీశారు. వచనంలో లేదు. పెట్టమన్నాడు, తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నాడు, అంతే. అతణ్ణి మరీ చిన్నబుచ్చకు. మిగతా పదిమందీ చూశాకే నమ్మారు. 29లో "చూడక నమ్మినవారు ధన్యులు" అన్న వెంటనే 31లో ఇవి "వ్రాయబడెను" అన్నాడు. చూడనివాళ్ల చేతికి ఏమిచ్చాడో అక్కడుంది.

కీర్తన_చదువరి
ఒక్క సలహా, ఎవరూ చెప్పలేదు. వినడం గురించి పాఠం చెప్తూ మనిషికో వచనం చదివించకండి. ఒకరు గట్టిగా, ఒకరు గొణుగుతూ, ఒకరు పేజీ వెతుకుతూ చదివితే ఎవరికీ ఏమీ వినపడదు, తన వంతు ఎప్పుడా అని లెక్కపెట్టుకుంటారు. ఒక్కరే చదవాలి. ముందు ఇంట్లో మూడుసార్లు పైకి చదువుకోవాలి. పాత అనువాదంలో సంధులు పొడుగు, ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. మొదటిసారి అందరూ పుస్తకాలు మూసి వినాలి. రెండోసారి తెరిచి చూడాలి. మధ్యలో ఒకటే ప్రశ్న, "ఇప్పుడు విన్నది మీ మాటల్లో చెప్పండి." తప్పు చెప్తే దిద్దకుండా మళ్లీ చదవాలి.

"నిరీక్షణ" అని వచ్చినచోట పిల్లలు ఎదురుచూపు అనుకుంటారు, రాని బస్సు గుర్తొస్తుంది. హెబ్రీ 11:1 ఎత్తితే అక్కడ దాని అర్థం నమ్మకంతో కూడిన ఆశ అని ముందే చెప్పండి.

అగ్నిజ్వాల_77
లూకా 16 ఇద్దరు చదివితే బాగుంటుంది, ధనవంతుడు ఒకరు, అబ్రాహాము ఒకరు. మూడో వారం ఏ రోజు? వస్తా, నా వైపు వాదన కూడా ఒకరు చెప్పాలిగా.

మూడోవరస_బెంచీ
రండి బ్రదర్, ధనవంతుడి భాగం మీకే. రోజు ఖాయం కాగానే ఇక్కడే వేస్తా. సైగల ఇల్లు గారూ, ప్రార్థనకు కళ్లు మూయొద్దని ఏ మాటతో చెప్తే పెద్దవాళ్లు నొచ్చుకోరు?

సైగల_ఇల్లు
"తెరిచి ప్రార్థిద్దాం" అనండి చాలు. యోహాను 17:1లో ఆయన ఆకాశం వైపు కన్నులెత్తే ప్రార్థించాడు. పెద్దవాళ్లు వచనం అడుగుతారు, అది చూపించండి.